మూలవాసులే రాసిన వలసపాలన చరిత్రలు: ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

సుమతి_హనుమకొండ

సభ్యులందరికీ నమస్కారం. మా ఊళ్లో నెలకొకసారి కలిసి చదువుకునే బృందం ఒకటి ఉంది. పీజీ విద్యార్థులు, కొందరు అధ్యాపకులు, రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దలు వస్తుంటారు. వలసపాలన గురించి ఇంతవరకూ మేము చదివినవి దాదాపు అన్నీ ఆసియా, ఆఫ్రికా దేశాల స్వాతంత్ర్య పోరాటాలకు సంబంధించినవే. గూగీ వా థియోంగో రచనలు వరవరరావు గారి అనువాదంలో దొరకడం వల్ల కెన్యా మాకు బాగా దగ్గరైంది. అయితే ఆ దేశాల్లో పాలకుడు ఒకనాటికి జెండా దించి వెళ్లిపోయాడు. కెనడా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హవాయి వంటి చోట్ల వచ్చినవారు వెళ్లలేదు. అక్కడే స్థిరపడి, చట్టసభలు కట్టుకుని, తమకంటే ముందున్నవారిని తమ చట్టం కింద 'సమస్య'గా మార్చారు. అలాంటి చోట వలస విముక్తి అంటే ఏమిటి అన్న ప్రశ్న మా బృందంలో వచ్చింది. సంతృప్తికరమైన జవాబు ఎవరి దగ్గరా లేదు.

మాకు కావలసినవి ఆ ప్రజల గురించి ఇతరులు రాసిన పుస్తకాలు కావు. ఆ ప్రజలే ఆలోచించి, వాదించి రాసినవి కావాలి. ఏ వరుసలో చదివితే బాగుంటుందో, ఎందుకో కూడా దయచేసి చెప్పండి. పేర్ల జాబితా ఒక్కటే ఇస్తే మాకు పెద్దగా ఉపయోగపడదు.

ప్రసాద్_ఎడ్మంటన్

సుమతి గారూ, మీరు కెనడాతో మొదలుపెట్టాలని, అందులోనూ 1969తో మొదలుపెట్టాలని నా సలహా. ఆ ఏడాది పియర్ ట్రూడో ప్రభుత్వం తరఫున అప్పటి మంత్రి జాన్ క్రెటియెన్ ఒక శ్వేతపత్రం ప్రవేశపెట్టారు. మూలవాసులను 'ఇండియన్లు' అని పిలిచి వారికోసం చేసిన ఇండియన్ చట్టాన్ని రద్దు చేస్తామని, 'ఇండియన్' అనే ప్రత్యేక చట్టపరమైన హోదాను తొలగిస్తామని, వారికి కేటాయించిన రిజర్వు భూముల మీద యాజమాన్యాన్ని వారికే బదిలీ చేసి మిగతా ఆస్తుల్లాగే చూస్తామని, వారికి అందే సేవల బాధ్యతను రాష్ట్రాలకు అప్పగిస్తామని, అప్పుడు అందరూ సమాన పౌరులవుతారని అందులో చెప్పారు. పైకి చూస్తే సమానత్వం, ఎవరు కాదంటారు? ఆల్బర్టాలోని సకర్ క్రీక్‌కు చెందిన హెరాల్డ్ కార్డినల్ కాదన్నారు. క్రీ జాతివారైన ఆయనకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. ట్రూడో 'న్యాయమైన సమాజం' అన్న నినాదంతో అధికారంలోకి వచ్చారు కనుక, కార్డినల్ తన పుస్తకానికి 'ది అన్‌జస్ట్ సొసైటీ' అని పేరు పెట్టారు. మాతో ఒప్పందాలు చేసుకుని భూమి తీసుకున్నారు, ఆ ఒప్పందాల్లోని మీ వంతు బాధ్యతలు నెరవేర్చకుండానే ఇప్పుడు సమానత్వం పేరుతో ఆ ఒప్పందాలనే చెరిపేస్తారా అన్నది ఆయన వాదన. దేశమంతటా వచ్చిన వ్యతిరేకతకు ప్రభుత్వం 1970లో వెనక్కి తగ్గింది.

ఒప్పందం అన్న మాట మన పాఠకులకు కొంచెం కొత్తగా ఉంటుంది కాబట్టి ఒక ఉదాహరణ చెబుతాను. నేనుంటున్న ఎడ్మంటన్ 1876 నాటి ఆరవ నంబరు ఒప్పందం పరిధిలోని నేల. ప్రతి ఇండియన్ ఏజెంటు (మూలవాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వాధికారి) ఇంట్లోనూ ఒక మందుల పెట్టె ఉంచాలని ఆ ఒప్పందంలో రాసి ఉంది. చర్చల్లో పట్టుబట్టి ఆ వాక్యం చేర్పించుకున్నవారు క్రీ నాయకులు. మశూచి, ఆకలి తమ జనాన్ని ఎలా తుడిచిపెడుతున్నాయో వారు కళ్లారా చూస్తున్నారు. దాని అర్థం పూర్తి వైద్య సంరక్షణ అని వారి వారసులు నేటికీ వాదిస్తున్నారు. ప్రభుత్వం చాలాకాలం ఆ మాటను ఒక చెక్కపెట్టెకే కుదించి చదివింది. ఆ ఒక్క వాక్యం చుట్టూ నడిచిన వివాదాన్ని అర్థం చేసుకుంటే కార్డినల్ కోపం ఎక్కడిదో తెలుస్తుంది.

అప్పటివరకూ వీరు కోర్టులకు ఎందుకు వెళ్లలేదని మీ విద్యార్థులు అడుగుతారు. 1927లో ఇండియన్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి హక్కుల దావా కోసం చందాలు వసూలు చేయడమే నేరం. అంటే వకీలును పెట్టుకోవడానికి డబ్బు పోగుచేస్తే శిక్ష పడుతుంది. ఈ నిబంధన 1951 దాకా అమల్లో ఉంది.

కార్డినల్ తరువాత సెక్వెప్మెక్ నాయకుడు జార్జ్ మాన్యుయెల్ 1974లో మైఖేల్ పోస్లన్స్‌తో కలిసి రాసిన 'ది ఫోర్త్ వరల్డ్' చదవండి. ఆపైన ఆయన కుమారుడు ఆర్థర్ మాన్యుయెల్ 2015లో ప్రచురించిన 'అన్‌సెట్లింగ్ కెనడా' తీసుకోండి. కెనడా భూభాగంలో మూలవాసుల రిజర్వులన్నీ కలిపినా 0.2 శాతమేనని ఆర్థర్ పదే పదే గుర్తుచేస్తారు. పేదరికం, ఆత్మహత్యలు, తాగుడు అని విడివిడిగా లెక్కగట్టే సమస్యలన్నిటినీ ఆయన ఆ అంకె దగ్గరికే తీసుకొస్తారు. తండ్రీకొడుకుల పుస్తకాలు వరుసగా చదివితే నలభై ఏళ్ల పోరాటం ఒకే ఇంటి నుంచి కనిపిస్తుంది. వేరే ఏ పుస్తకాల జతలోనూ నాకు అది దొరకలేదు.

అనూష_పరిశోధక

ప్రసాద్ గారి వరుస బాగుంది. అయితే బృందంలో పరిశోధక విద్యార్థులు ఉంటే, వారు క్షేత్ర పర్యటనకు బయలుదేరే ముందే లిండా తుహివాయ్ స్మిత్ 1999లో రాసిన 'డీకాలనైజింగ్ మెథడాలజీస్' చదివి తీరాలి. ఆమె న్యూజిలాండ్‌కు చెందిన మావోరీ పండితురాలు. కొలతలు తీసుకోవడం, పుర్రెలు సేకరించడం, కథలు రాసుకుని వెళ్లిపోవడం వంటివన్నీ పరిశోధన పేరుతోనే జరిగాయి కనుక మూలవాసుల మధ్య ఆ మాటే మలినమైందని ఆమె పుస్తకం ఆరంభంలోనే చెబుతారు. అక్కడితో ఆగిపోకుండా, మూలవాసులు తమకోసం తాము చేసుకోగల ఇరవై ఐదు రకాల పనులను ఒక అధ్యాయంలో వివరిస్తారు. హక్కును నిరూపించుకోవడం, సాక్ష్యం చెప్పడం, కథ చెప్పడం, బతికి బట్టకట్టినందుకు పండుగ చేసుకోవడం అందులో కొన్ని. విమర్శ చదివి నిస్పృహ చెందే విద్యార్థులకు ఆ అధ్యాయం చాలా మేలు చేస్తుంది.

న్యాయవాది_రాజమహేంద్రవరం

చరిత్ర గ్రంథాలతో పాటు కోర్టు రికార్డులు కూడా చదవమని నేను కోరుతున్నాను. వలసపాలన తన గురించి తాను ఏమనుకుంటుందో అక్కడ దాచుకోలేదు.

బ్రిటిష్ కొలంబియాలో గిట్‌క్సన్, వెట్‌సువెట్'ఎన్ వంశపారంపర్య నాయకులు తమ భూభాగంపై హక్కు ప్రకటించమని వేసిన దావా విచారణ 1987లో మొదలైంది. వారి దగ్గర పట్టాలు లేవు. తరతరాలుగా కంఠస్థంగా వస్తున్న వంశగాథలు ఉన్నాయి, ఏ వంశానికి ఏ నది, ఏ కొండ చెందుతుందో ఆ గాథలూ వాటితో ముడిపడిన పాటలూ చెబుతాయి. మేరీ జాన్సన్ అనే వృద్ధురాలు సాక్ష్యంలో భాగంగా తమ వంశపు పాట పాడబోయారు. న్యాయమూర్తి అభ్యంతరం చెప్పారు. తన చెవికి పాటలు ఎక్కవని, తన ముందు పాడి ప్రయోజనం లేదని అన్నారు. అయినా ఆమె పాడారు. ఆమె దృష్టిలో అది దస్తావేజును కోర్టు ముందుంచడమే. 1991లో ఆ న్యాయస్థానం దావాను కొట్టేసింది. 1997 డిసెంబరులో కెనడా సుప్రీంకోర్టు, మౌఖిక చరిత్రను రాతపూర్వక సాక్ష్యంతో సమానంగా పరిగణించాలని చెప్పి, ఆ విచారణ తీరునే తప్పుపట్టి, మళ్లీ విచారించాలని ఆదేశించింది. డెల్గముఖ్ తీర్పుగా అది ప్రసిద్ధం. విచారణ ఆరంభంలో నాయకులు కోర్టుకు ఇచ్చిన ప్రకటన 'ది స్పిరిట్ ఇన్ ద ల్యాండ్' పేరుతో పుస్తకంగా వచ్చింది, తీర్పు కంటే ముందు అది చదవాలి.

అదే 1997 జూలైలో మన సుప్రీంకోర్టు సమత కేసులో తీర్పు ఇచ్చింది. అనంతగిరి మండల గనుల లీజుల మీద వచ్చిన ఆ తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని చెప్పింది. రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కెనడాలో ప్రజలు తమ నోటితో తమ హక్కును చెప్పుకుని నిరూపించుకోవలసి వచ్చింది. మన దగ్గర రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు, భూబదలాయింపు నిబంధనలు వాదానికి ఆధారమయ్యాయి.

కవిత_గ్రంథాలయం

హవాయి గురించి ఎవరూ ఇంకా రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఈ మొత్తం చర్చలో నాకు అత్యంత ప్రియమైన పుస్తకం అక్కడిదే.

1893 జనవరిలో చక్కెర తోటల యజమానుల వర్గం, అమెరికా రాయబారి అండతో, రేవులో ఉన్న యుద్ధనౌక నుంచి సైనికులు తీరానికి దిగిన ధైర్యంతో లిలియుఒకలాని రాణిని గద్దె దించింది. రెండేళ్లకు ఆమెను సొంత రాజభవనంలోనే ఒక గదిలో ఖైదు చేశారు. 1898లో ఆమె తన కథను తానే ఆంగ్లంలో ప్రచురించారు. అదే ఏడాది అమెరికా ఆ దీవులను కలుపుకుంది. తరువాత సుమారు వందేళ్ల పాటు పాఠ్యపుస్తకాల్లో నిలిచిన కథ ఏమిటంటే, హవాయి ప్రజలు దీన్ని మౌనంగా ఒప్పుకున్నారని.

హవాయి పండితురాలు నోయెనోయె సిల్వా వాషింగ్టన్‌లోని జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఒక వినతిపత్రాన్ని వెలికితీశారు. 1897లో దీవి దీవికీ తిరిగి సేకరించిన సంతకాలు అవి. 556 పుటలు, ఇరవై ఒక్క వేలకు పైగా పేర్లు. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు పత్రాలు, హవాయి భాషలోనూ ఆంగ్లంలోనూ అచ్చువేసిన శీర్షిక, పేరు పక్కన వయసు. అప్పటి స్థానిక హవాయి జనాభా నలభై వేల ప్రాంతంలో ఉందంటే అది ఎంత పెద్ద ప్రతిఘటనో ఊహించుకోవచ్చు. నలుగురు ప్రతినిధులు ఆ కట్టను ఓడలో, రైల్లో మోసుకుని వాషింగ్టన్ వెళ్లారు. విలీన ఒప్పందానికి సెనేట్‌లో కావలసిన మూడింట రెండు వంతుల మద్దతు అప్పుడు దొరకలేదు. మరుసటి ఏడాది స్పెయిన్‌తో యుద్ధం మొదలయ్యాక, సాధారణ మెజారిటీ సరిపోయే ఉమ్మడి తీర్మానం అనే దారిలో పని పూర్తిచేశారు.

సిల్వా 2004లో ప్రచురించిన 'అలోహా బిట్రేడ్' ఈ చరిత్రను హవాయి భాషలోని వార్తాపత్రికల ఆధారంగా చెబుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ భాషలో పదుల సంఖ్యలో పత్రికలు వెలువడ్డాయి, జనంలో అక్షరాస్యత చాలా ఎక్కువ. 1896లో బడుల్లో ఆంగ్లాన్ని బోధనా మాధ్యమంగా శాసించాక, ఆ పత్రికలను చదవగలిగే తరాలు క్రమంగా తరిగిపోయాయి. ఆంగ్ల ఆధారాలతోనే చరిత్ర రాసినవారికి ప్రతిఘటన కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే వారు ఆ పత్రికలను తెరిచి చూడలేదు. ముత్తాత సంతకం తొలిసారి ఆ పుటల్లో చూసుకున్న కుటుంబాలు హవాయిలో ఎన్నో ఉన్నాయి. ఒక గ్రంథాలయ ఉద్యోగిగా చెబుతున్నాను, కాగితాల కట్టను సరిగా భద్రపరచడం వల్ల ఒక జాతికి కలిగే మేలుకు ఇంతకంటే గొప్ప ఉదాహరణ నాకు తెలియదు.

హౌనాని-కే ట్రాస్క్ 1993లో రాసిన 'ఫ్రమ్ ఎ నేటివ్ డాటర్' కూడా చదవండి. ఆమె స్వరం తీవ్రమైనది. పర్యాటక పరిశ్రమ ఒక సంస్కృతిని ఎలా అమ్మకానికి పెడుతుందో ఆమె రాసిన వ్యాసం, పర్యాటకమే అభివృద్ధి అనుకునే ఎవరికైనా అవసరం.

వేణు_సాహితి

ఇంతవరకూ వచ్చిన సూచనలు చాలా బాగున్నాయి. నాకొక సందేహం ఉంది. ఈమధ్య వలస విముక్తి అన్న మాటను సిలబస్ మార్పుకూ, సౌందర్య దృష్టికీ, ఆహారపు అలవాట్లకూ, చివరికి కంపెనీల శిక్షణ తరగతులకూ వాడుతున్నారు. ఇంత విస్తరించిన మాటకు నిర్దిష్టమైన అర్థం మిగిలి ఉందా?

అనూష_పరిశోధక

వేణు గారూ, సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఈవ్ టక్, కె. వేన్ యాంగ్ 2012లో ఒక వ్యాసం రాశారు. వలస విముక్తి ఉపమానం కాదన్నదే దాని శీర్షిక. అలాస్కాకు చెందిన ఉనంగా జాతికి చెందినవారు ఈవ్ టక్. మూలవాసుల భూమినీ జీవనాన్నీ వారికి తిరిగి అప్పగించడమే వలస విముక్తి అని, మిగతా సంస్కరణలు మంచివే కావచ్చు కానీ వాటికి ఆ పేరు పెడితే, స్థిరపడినవారు తమ అపరాధ భావన నుంచి చౌకగా బయటపడే మార్గం దొరుకుతుందని వారి వాదన. నలభై పుటల వ్యాసం, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

నేను దాన్ని గౌరవిస్తూనే ఒక మాట జోడిస్తాను. ఆ వ్యాసం ఒక్కటే చదివితే, భూమి చేతికి వచ్చేదాకా భాష, బడి, పాట అన్నీ పక్కన పెట్టాలేమో అన్న భావన కలగవచ్చు. ఎల్లోనైవ్స్ డెనే జాతికి చెందిన గ్లెన్ కూల్తార్డ్ 2014లో రాసిన 'రెడ్ స్కిన్, వైట్ మాస్క్స్'లో ఈ రెంటికీ ఉన్న లంకె స్పష్టంగా కనిపిస్తుంది. 1970ల్లో మెకెంజీ లోయ గుండా గ్యాస్ పైపులైను వేయడాన్ని డెనేలు ఎదిరించిన అనుభవం నుంచి ఆయన మొదలుపెడతారు. వారికి భూమి ఒక ఆస్తి అన్నంత మాత్రమే కాకుండా, మనుషులతో, జంతువులతో, ముందు తరాలతో ఎలా మెలగాలో నేర్పే వ్యవస్థ అని వివరిస్తారు. రాజ్యం మనల్ని గుర్తించిందని సంబరపడుతుండగానే భూమి చేజారిపోవచ్చన్న ఆయన హెచ్చరిక నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. వలసపాలన మనసులను ఎలా మలుస్తుందో రాసిన ఫ్రాంట్జ్ ఫానన్‌ను చదివిన బృందానికి ఈ పుస్తకం కష్టం కాదు.

మాస్టారు_ఉట్నూరు

నేను గోండు కుటుంబంలో పుట్టిన ఉపాధ్యాయుణ్ణి. ఈ చర్చను మొదటినుంచీ శ్రద్ధగా చదువుతున్నాను. కెనడా, హవాయి ప్రజల పుస్తకాలు చదవాలన్న మీ ఆసక్తి నాకు నిజంగా సంతోషం కలిగించింది. అయితే హనుమకొండ నుంచి ఉట్నూరుకు ఒక్క పూట ప్రయాణమే కనుక ఈ మాటలు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపిన తరువాత, నిజాం ప్రభుత్వం మా ప్రాంతపు పరిస్థితిని తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను నియమించింది. మైదానాల నుంచి వచ్చినవారి చేతుల్లోకి మా భూములు ఎలా పోయాయో, అటవీ శాఖ సాగు భూములనుంచి మావాళ్లను ఎలా వెళ్లగొట్టిందో ఆయన రాశారు. మార్లవాయిలో ఆయన పేరు నేటికీ గౌరవంగా తలుచుకుంటారు, నేనూ తలుచుకుంటాను. అయినా ఆ పుటల్లో మాట్లాడేది ఆయనే, మేము జవాబులు చెప్పేవాళ్లం. అమెరికాలోని స్టాండింగ్ రాక్ సూ జాతికి చెందిన వైన్ డెలోరియా జూనియర్ 1969లో రాసిన 'కస్టర్ డైడ్ ఫర్ యువర్ సిన్స్'లో మానవశాస్త్రవేత్తల మీద ఒక అధ్యాయం ఉంది. ప్రతి వేసవిలో నోటు పుస్తకాలతో దిగేవారి గురించి ఆయన రాసింది చదువుతుంటే మా ఊరికి వచ్చే జీపులే నా కళ్లముందు కదిలాయి. కుడుఖ్ మేధావి అభయ్ ఖాఖా తాను ఎవరి డేటానూ కాదని కవితలో చెప్పిన మాటను మీ విద్యార్థులు దాని పక్కన పెట్టి చదవాలి.

ఇంకొకటి. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా చేసిన ప్రసంగం. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వారి నుంచి మీరే నేర్చుకోవాలి అని ఆయన ఆ సభకు చెప్పారు. కొత్తగా వచ్చినవారు తన ప్రజలను సింధు లోయ నుంచి అడవుల్లోకి తరిమారని కూడా అన్నారు. రాజ్యాంగ సభ చర్చల సంపుటాల్లో కొన్ని పుటలే ఉంటుంది. మీ బృందం ఒక గంటలో చదివి చర్చించవచ్చు.

మేము రాతలేని జాతి అని చాలాకాలం చెప్పారు. నార్నూరు మండలం గుంజాల గ్రామంలో గోండి లిపిలో రాసిన చేతిరాత ప్రతులు ఉన్న సంగతి బయటి పండితులకు ఈ శతాబ్దంలోనే తెలిసింది. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దక్కింది. కవిత గారు రాసిన హవాయి పత్రికల కథ చదివినప్పుడు నాకు గుంజాలే గుర్తొచ్చింది.

న్యాయవాది_రాజమహేంద్రవరం

మాస్టారు గారి మాటలకు నమస్కరిస్తూ ఒక జాగ్రత్త చెప్పదలిచాను. కెనడా, ఆస్ట్రేలియాల నమూనాను మన ఏజెన్సీ ప్రాంతాలకు యథాతథంగా తెచ్చి అతికించలేం. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటనను ఆమోదించినప్పుడు కెనడా, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వ్యతిరేకంగా ఓటేశాయి, భారత్ అనుకూలంగా ఓటేసింది. అయితే భారతీయులందరూ మూలవాసులే అన్న వైఖరితో ఓటేసింది. అంటే ప్రకటనను ఒప్పుకుంటూనే అది తనకు వర్తించే ప్రశ్నను పక్కకు నెట్టింది. ఈ చిక్కును చర్చించకుండా పోలిక తెస్తే అది నిలబడదు.

మాస్టారు_ఉట్నూరు

నమూనా అతకదన్న మాటతో నేను కొంతవరకే ఏకీభవిస్తాను. చట్టాలు వేరు, నిజమే. కానీ కార్డినల్ ఎదుర్కొన్న సమానత్వపు వాదన మాకు కొత్త కాదు. 1970 నాటి ఒకటవ నంబరు నిబంధన, ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య కూడా భూమి బదలాయింపును నిషేధించింది. అది పౌరుల సమానత్వానికి విరుద్ధమని కోర్టుల్లో వాదించారు. 1988లో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లుతుందని తేల్చింది. అయినా సొంత జిల్లాలో తాము భూమి కొనుక్కోకూడదా అన్న మాట సభల్లో నేటికీ వింటున్నాం. అందుకే మన పాఠకులు ఈ పుస్తకాల్లో తమను తాము ఎవరి స్థానంలో చూసుకుంటున్నారో ఆలోచించాలి. తెల్లవాడి పాలనలో బాధితులమే అయినా, మన్యంలో మైదానపు తెలుగువారి పాత్ర వేరుగా ఉంది.

సరళ_భద్రాచలం

మాస్టారు గారు చెప్పింది పూర్తిగా సమంజసం. నేను ఒకే పుస్తకం సూచిస్తాను. లోయర్ బ్రూల్ సూ జాతికి చెందిన నిక్ ఎస్టెస్ 2019లో రాసిన 'అవర్ హిస్టరీ ఈజ్ ద ఫ్యూచర్'. 2016లో స్టాండింగ్ రాక్ దగ్గర చమురు పైపులైనుకు వ్యతిరేకంగా జరిగిన పోరాటం గురించి అందరికీ తెలుసు. ఎస్టెస్ దాన్ని 1944 నాటి పిక్-స్లోన్ పథకంతో కలిపి చూపిస్తారు. వరద నియంత్రణ, సాగునీరు, విద్యుత్తు కోసం మిస్సోరీ నది మీద ఆనకట్టలు కట్టారు. ఒక్క ఒవాహీ జలాశయం కిందే స్టాండింగ్ రాక్, షయాన్ రివర్ రిజర్వేషన్లు లక్షన్నర ఎకరాలకు పైగా కోల్పోయాయి. మునిగింది నది ఒడ్డు నేల, అంటే వంటచెరకు, వనమూలికలు, శీతాకాలంలో పశువులకు ఆశ్రయం ఇచ్చే చెట్లు, శ్మశానాలు. ఎత్తున ఉన్న ఎండు మైదానంలో కొత్త ఇళ్లు కట్టించి పునరావాసం అన్నారు.

పోలవరం ముంపు గ్రామాల కోయ, కొండరెడ్డి కుటుంబాల మధ్య తిరిగినవారికి ఆ అధ్యాయానికి వ్యాఖ్యానం అవసరం లేదు. నష్టపరిహారపు లెక్కల్లో ఇల్లు, పొలం ఉంటాయి. తునికాకు ఏరుకునే అడవి, ఇప్పచెట్టు, చేపల రేవు ఏ గడిలో రాయాలో ఆ ఫారాల్లో ఉండదు.

శ్రీలత_మెల్బోర్న్

ఆస్ట్రేలియా గురించి క్లుప్తంగా రాస్తాను. టోరెస్ జలసంధిలోని మేర్ దీవికి చెందిన ఎడ్డీ మాబో టౌన్స్‌విల్‌లోని విశ్వవిద్యాలయంలో తోటమాలిగా పనిచేసేవారు. తన దీవిలోని తన పూర్వీకుల భూమి చట్టం దృష్టిలో తనది కాదని, ప్రభుత్వానిదని అక్కడి చరిత్ర అధ్యాపకులతో మాటల మధ్య ఆయనకు తెలిసింది. 1982లో వేసిన దావాలో 1992 జూన్ 3న గెలుపు వచ్చింది. యూరోపియన్లు వచ్చేనాటికి ఈ ఖండం ఎవరికీ చెందని నేల అన్న సిద్ధాంతం కూలింది. మాబో అంతకు కొన్ని నెలల ముందే జనవరిలో మరణించారు.

చదవడానికి ముందుగా 1997 నాటి 'బ్రింగింగ్ దెమ్ హోమ్' నివేదిక తీసుకోండి. తల్లుల నుంచి బలవంతంగా తీసుకుపోయిన పిల్లల వాంగ్మూలాలు అందులో ఉన్నాయి. ఏకబిగిన చదవలేరు, చదవనక్కరలేదు కూడా. డోరిస్ పిల్కింగ్‌టన్ గరిమారా 1996లో తన తల్లి కథ రాశారు. పడమటి ఆస్ట్రేలియాలో ముగ్గురు బాలికలు 1931లో హాస్టలు నుంచి తప్పించుకుని, కుందేళ్లను ఆపడానికి కట్టిన కంచెను ఆనవాలుగా పట్టుకుని నడిచిన కథ అది.

ఇక్కడ స్థిరపడిన మనవాళ్లకు మాత్రం ఐలీన్ మోర్టన్-రాబిన్సన్ 2015లో ప్రచురించిన 'ది వైట్ పొజెసివ్' చదవమని ప్రత్యేకంగా చెబుతాను. వలసవచ్చి ఇల్లు కొనుక్కుని ఈ దేశం మాది అనుకునే భావన ఎవరి నష్టం మీద నిలబడిందో ఆమె అడుగుతారు. రంగు కారణంగా మనం ఇక్కడ వివక్ష ఎదుర్కొనవచ్చు, అయినా ఆ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. మా పిల్లల బడిలో ప్రతి సమావేశానికి ముందు ఈ నేల కూలిన్ ప్రజలదని చెబుతారు. 2023 అక్టోబరులో పార్లమెంటుకు సలహా ఇచ్చే మూలవాసుల వేదికను రాజ్యాంగంలో చేర్చే ప్రతిపాదన ఓడిపోయింది. ఈ నేల మూలవాసులదని ఒప్పుకుంటూనే ఆ వేదికను నిరాకరించిన దేశంలో ఆ ప్రకటన విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

వేణు_సాహితి

సాహిత్యం ఎవరూ సూచించలేదు. అలెక్సిస్ రైట్ 'కార్పెంటేరియా', టామీ ఆరెంజ్ 'దేర్ దేర్', మలయాళంలో నారాయణ్ రాసిన 'కొచ్చరేత్తి' ఆంగ్లానువాదం, సంథాలీ కుటుంబం నుంచి వచ్చిన హాంస్దా సౌవేంద్ర శేఖర్ కథలు. సిద్ధాంత గ్రంథాల మధ్య ఒక్కో నెల వీటికి కేటాయిస్తే బృందంలో కొత్తవారు నిలబడతారు.

సుమతి_హనుమకొండ

ఇంత శ్రమపడి రాసిన అందరికీ కృతజ్ఞతలు. మా బృందంతో మాట్లాడాను. మొదటి నెల జైపాల్ సింగ్ ప్రసంగం, ఆ తరువాత కార్డినల్, పిదప సిల్వా, ఎస్టెస్ అని నిర్ణయించాం. పరిశోధక విద్యార్థులు లిండా స్మిత్ పుస్తకాన్ని విడిగా చదువుతారు. ఎస్టెస్ పుస్తకం చదివే నెల సమావేశాన్ని హనుమకొండలో కాకుండా భద్రాచలంలో జరపాలని కొందరు సూచించారు. సరళ గారికి అభ్యంతరం లేకపోతే వివరాలు మాట్లాడుకుందాం. మాస్టారు గారూ, తొలి సమావేశాన్ని మీరు వచ్చి నడిపిస్తే మాకు ఎంతో సంతోషం.

ప్రసాద్ గారూ, కార్డినల్ పుస్తకం అంతా ఒక్క నెలలో ఆంగ్లంలో చదవడం మా విద్యార్థుల్లో కొందరికి కష్టం. ఏ భాగం తప్పనిసరిగా చదవాలి?

మాస్టారు_ఉట్నూరు

తప్పకుండా వస్తాను. ప్రసంగాన్ని తెలుగులోకి తెచ్చుకుని నాతో పాటు తీసుకొస్తాను. మా బడిలో చదివి ఇప్పుడు డిగ్రీ చేస్తున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు కూడా వస్తామంటున్నారు, వారికి చర్చలో మాట్లాడే అవకాశం ఇవ్వండి.

ప్రసాద్_ఎడ్మంటన్

మొదటి అధ్యాయం చాలు. అయితే దానికంటే ముందు 1969 శ్వేతపత్రాన్ని చదివించండి. అది చిన్నదే, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, భాష సరళంగా, మర్యాదగా ఉంటుంది. అందులో ఏది నచ్చిందో విద్యార్థులను కాగితం మీద రాసి పెట్టమనండి, ఆ తరువాతే కార్డినల్‌ను తెరవమనండి. శ్వేతపత్రం సారాంశాన్ని ఈ వారాంతంలో తెలుగులో రాసి ఇక్కడే పెడతాను.